ఎడమ రెక్క ఎర్త్

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం సాయంత్రం ఆరు ఇరవైకి రెండో నంబరు విమానం ఎడమ రెక్క కొసన ఉన్న ఎర్ర దీపం ఆరిపోయింది. విమానం నేల మీదే ఉంది. ఇంజిను స్టార్ట్ చేయలేదు. రాత్రి శిక్షణకు ఎక్కబోతున్న ప్రవళిక విమానం చుట్టూ తిరిగి దీపాలు చూసుకుంటోంది. మొదట చూసినప్పుడు ఎర్రది వెలుగుతోంది. తోక దాకా పోయి వచ్చేసరికి లేదు. ఆమె స్విచ్చి ఆపి షెడ్డు వైపు చేయి ఊపింది.

పెబ్బేరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో, వేరుశనగ చేల మధ్య ఉన్న ఆ ఫ్లయింగ్ స్కూలుకు విమానాలు రెండే. రెండూ ఇద్దరు కూర్చునేవే. చీకట్లో ఎగిరే విమానానికి ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం, తోకన తెల్ల దీపం ఉండాలి. అది తనవైపు వస్తోందో, పోతోందో ఎదుటి పైలటుకు తెలిసేది ఆ రంగులను బట్టే. మూడింట్లో ఒకటి లేకపోయినా ఎగరకూడదు.

షెడ్డులోంచి టెక్నీషియన్ ఇస్రాయేలు వచ్చాడు.

"అన్నా, మళ్ల పోయింది" అంది ప్రవళిక.

"ఎర్రదేనా మేడం?"

"ఎర్రదే. నా టైమొచ్చినప్పుడే పోతది. నా మీద ఏమన్న పగనా దీనికి?"

"మీ మీద గాదు మేడం, బల్బుల డబ్బా మీద. ఇప్పటికి నాలుగు మింగింది."

ప్రవళికది నాగర్‌కర్నూలు. రాత్రి శిక్షణలో ఆమెకు ఇంకా మూడు గంటలు మిగిలి ఉన్నాయి. ఆ రోజు అవి అలాగే మిగిలాయి.

దసరా తర్వాత ఆ దీపం ఆరిపోవడం అది ఐదోసారి. విమానంలో వచ్చిన ప్రతి లోపాన్నీ రాసే డిఫెక్ట్ బుక్కులో మొదటి నాలుగు సార్లూ ఒకటే రాసి ఉంది: బల్బు మార్చడమైనది. నాలుగింటి కిందా ఇంజనీరు చంద్రశేఖర్ సంతకం ఉంది. మార్చిన చేయి ఇస్రాయేలుది. మార్చినప్పుడల్లా దీపం రెండు మూడు వారాలు వెలిగేది.

ఈసారి ఇస్రాయేలు బల్బు తీసి బ్యాటరీకి ఆనించి చూశాడు. వెలిగింది. చంద్రశేఖర్ ఆరింటికే గద్వాలలోని ఇంటికి బయలుదేరాడు. ఇస్రాయేలు ఫోన్ చేశాడు.

"కొత్తది ఎక్కించు. రాసి పెట్టు, పొద్దుగాల సంతకం పెడ్త" అన్నాడు చంద్రశేఖర్.

"బల్బు మంచిగనే ఉన్నది సార్."

"హోల్డర్ల మీటరు పెట్టినవా?"

"పెట్టిన. పన్నెండు ఓల్టులు చూపిస్తుంది."

"మరి కరెంటొస్తుంది. కరెంటొచ్చి లైటు వెలగకపోతె బల్బే గదనయ్యా."

"బల్బు బతికే ఉన్నది సార్. చేతిల పట్టుకుని ఉన్న."

"నేను డ్రైవింగ్‌ల ఉన్న" అని చంద్రశేఖర్ ఫోన్ పెట్టేశాడు.

ఇస్రాయేలు ఆ సాయంత్రం బల్బు మార్చలేదు. బుక్కులో 'పరిశీలనలో ఉంది' అని రాశాడు.

అతనికి ముప్పై నాలుగేళ్లు. తల్లిదండ్రులు కాలువ పనులకూ రోడ్డు పనులకూ మేస్త్రీల వెంట ఊళ్లు తిరిగారు. అతను పదహారో ఏట పెబ్బేరు సంత దగ్గర మల్లేశం ఆటో ఎలక్ట్రికల్ షాపులో చేరాడు. శనివారం సంతకు ఎడ్లను తెచ్చే డీసీఎం వ్యాన్ల హెడ్‌లైట్లు, ట్రాక్టర్ల డైనమోలు అక్కడ బాగు చేశాడు. తర్వాత వనపర్తిలో ఐటీఐ చదివాడు. తర్వాత హైదరాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ కోర్సు. లైసెన్సు కోసం ఏడు పేపర్లు రాశాడు. పని చేసుకుంటూ రాయడం వల్ల ఏడూ పాసవడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఇక మిగిలింది లాగ్‌బుక్కు. నలభై పనులు తన చేతితో చేసినట్లు అందులో రాసి, ప్రతి పని కిందా లైసెన్సున్న ఇంజనీరుతో సంతకం పెట్టించి హైదరాబాద్‌లో లైసెన్సులిచ్చే ఆఫీసులో ఇవ్వాలి. ఆ స్కూల్లో లైసెన్సున్నది చంద్రశేఖర్‌కే. పేపర్ల పాసు మార్చి ముప్పై ఒకటి దాకా చెల్లుతుంది. ఆ తేదీలోపు సంతకాలు పడి పుస్తకం అందకపోతే ఏడు పేపర్లూ మొదటి నుంచి రాయాలి. నలభై పనులూ పూర్తయి, లాగ్‌బుక్కు జనవరి ఇరవై ఏడు నుంచి చంద్రశేఖర్ టేబుల్ సొరుగులో ఉంది. అడిగినప్పుడల్లా చంద్రశేఖర్ 'తీరిగ్గ చూసి పెడ్త' అనేవాడు.

బుధవారం పొద్దున ఏడింటికి ఇస్రాయేలు ఎడమ రెక్క కొస తొడుగు విప్పాడు. తొడుగు ఫైబరుది. ఫైబరులో కరెంటు పారదు. అందుకని దీపం నుంచి ఎర్త్ తీగ ఒకటి లోపలికి వచ్చి, రెక్క అల్యూమినియం చట్రానికి స్క్రూతో బిగించి ఉంటుంది. బ్యాటరీ నుంచి బల్బుకు వచ్చిన కరెంటు ఆ తీగ గుండా చట్రంలోకి దిగి తిరిగి బ్యాటరీకి చేరాలి.

ప్రవళిక హాస్టల్ నుంచి వచ్చి పక్కన నిలబడింది. ఇస్రాయేలు జేబులోంచి చెక్ బల్బు తీశాడు. ట్రాక్టరు ఇండికేటరు బల్బుకు రెండు తీగలు, తీగల కొసలకు రెండు క్లిప్పులు. మల్లేశం షాపులో కట్టుకున్నది. చంద్రశేఖర్ ఉంటే దాన్ని విమానం దగ్గరకు రానివ్వడు. ట్రాక్టరోళ్ల పని ఇక్కడ చేయకు అంటాడు.

ఒక క్లిప్పు కరెంటు తీగకు తగిలించి, రెండోది చట్రం మీద గీకిన చోట ఆనించాడు. చెక్ బల్బు వెలిగింది. రెండో క్లిప్పును తీసి దీపం ఎర్త్ తీగకు మార్చాడు. బల్బులో పోగు బీడీ కొసంత ఎర్రబడి ఆగిపోయింది. ఎర్త్ స్క్రూ మీద స్క్రూడ్రైవరుతో నొక్కాడు. వెలిగింది. వదిలాడు. మళ్లీ బీడీ కొస.

"మీటరు పన్నెండు చూపిచ్చె గదా అన్నా. మరి గిదేంది?" అంది ప్రవళిక.

"మీ ఇంట్ల నల్లా ఉన్నది గదా మేడం. పైపుల మన్ను పేరుకున్నదనుకో. గ్లాసు పెడితె ఎప్పటికో నిండుతది. నీళ్లొస్తున్నయ్ అంటం. అదే బిందె పెట్టు, పొద్దుగూకుతది. మీటరు గ్లాసంత గూడ తాగదు. బల్బు బిందె."

"అంటె నాలుగు సార్లు ఉత్తగనే బల్బు మార్చిన్రా?"

"తొడుగు విప్పి బిగిస్తుంటె ఈ స్క్రూ జర కదిలేది. కదిలినప్పుడు వెలిగేది. మేము బల్బుతోటి బాగైంది అనుకున్నం."

అతను స్క్రూ విప్పాడు. తీగ కొసన ఉన్న రింగు కింద తెల్లపొడి పేరుకుని ఉంది. పొడి మధ్యలో ఎర్రగా పొర ఉంది. వేలితో తీసి గోటి మీద రుద్దాడు. షెడ్డు ఊడ్చే బాలనాగమ్మ చీపురు పట్టుకుని వచ్చి వంగి చూసింది.

"గది కుంకుమ గాదా కొడుకా" అంది.

ఇస్రాయేలు ఆమె వైపు చూశాడు.

"గట్ల చూస్తవేంది? దసరకు లైట్లకు పెట్టలేదా, ముద్దలు ముద్దలు. నేనే గిన్నెల కలిపిచ్చిన."

అక్టోబరు పన్నెండున దసరా. స్కూలు మేనేజరు కురుమూర్తికి ఈ పనిలోకి రాకముందు లారీలుండేవి. లారీకి చేసినట్లే రెండు విమానాలకూ ఆయుధపూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి విమానాలను ముందుకు తోయించాడు. లారీకి హెడ్‌లైట్లకు పెట్టినట్లు ప్రతి దీపం మీదా, దీపం చుట్టూ అతుకుల మీదా నీళ్లలో కలిపిన పసుపు, కుంకుమ పెట్టించాడు. అది సున్నం కలిపి చేసిన కుంకుమ. తడి తగిలితే సున్నం అల్యూమినియాన్ని తింటుంది.

నాలుగు రోజుల తర్వాత స్కూలుకు అతిథులు వస్తున్నారని, కురుమూర్తి పెబ్బేరు నుంచి కార్లు కడిగే ప్రెషరు పంపు తెప్పించాడు. చంద్రశేఖర్ సెలవులో ఉన్నాడు. పంపు నీళ్లు అతుకుల్లోకి కొట్టకూడదని మాన్యువల్లో ఉన్నదని ఇస్రాయేలు చెప్పాడు. లారీ ఇంజన్లనే కడిగినం, నువ్వు పట్టు, అన్నాడు కురుమూర్తి. ఇస్రాయేలు పైపు పట్టుకున్నాడు. ఎండిన కుంకుమ మీద పంపు కొట్టింది అతనే.

అతను చట్రం మీద పొడి గీకి, శుభ్రం చేసి, కొత్త రింగు వేసి బిగించాడు. పాత బల్బే పెట్టాడు. దీపం వెలిగింది. ముప్పై నిమిషాలు వెలిగించి ఉంచాడు. ఆరలేదు. ప్రవళిక చప్పట్లు కొట్టింది.

ఎనిమిది నలభైకి అతను డిఫెక్ట్ బుక్కులో రాశాడు. ఎర్త్ స్క్రూ దగ్గర అల్యూమినియం తినేసి ఉంది. కారణం, దసరా పూజలో దీపాల మీద పెట్టిన కుంకుమ ప్రెషరు పంపు నీళ్లతో లోపలికి పోవడం. పంపుతో కడిగింది నేను. కుడి రెక్క, తోక, ఒకటో నంబరు విమానం కూడా ఇదే రీతిలో కడిగినందున వాటి ఎర్త్‌లు విప్పి చూడాలి.

తొమ్మిది పదికి చంద్రశేఖర్ వచ్చాడు. పేజీ రెండుసార్లు చదివాడు.

"ఎర్త్ అని రాస్తె అయిపోతుండె. గీ కథంత ఎందుకయ్యా?"

"కారణం అని కాలమ్ ఉన్నది సార్."

"కాలమ్ ఉంటె నింపాల్నా?"

"నింపకుంటె మీరే తిడ్తరు గదా సార్."

చంద్రశేఖర్ కురుమూర్తిని పిలిపించాడు. కురుమూర్తి నిలబడే చదివాడు.

"కుంకుమ అని రాసినవా?"

"ఉన్నది రాసిన సార్."

"నా లారీలకు ముప్పై ఏండ్లు పెట్టిన. ఒక్క లైటన్న పోయిందా?"

"లారీ ఇనుము సార్. ఇది అల్యూమినియం."

"మీకు బొట్టంటేనే పడదు. ముందు గది చెప్పు."

"పూజ తప్పని నేను రాయలే సార్. దీపం అతుకుల మీద పెట్టొద్దు, పంపు కొట్టొద్దు. గంతే. కొట్టింది నేనే అని గూడ రాసిన."

"పేరు జూసి పనికి పెట్టుకోమన్నరు మావోళ్లు. నేనే వినలే."

ఇస్రాయేలు పేజీ మీద వేలు పెట్టాడు. "కుంకుమ అని నేను గాదు, బాలనాగమ్మ గుర్తుపట్టింది. అడగండ్రి" అన్నాడు.

కురుమూర్తి గుమ్మం దాకా పోయి ఆమెను పిలిచాడు. ఆమె చీపురు బయట పెట్టి వచ్చింది.

"ఏమే, రెక్కల కుంకుమ చూసినవా నువ్వు?"

"నాకేం తెల్సు సారు. ఊడ్చేదాన్ని."

"పో."

ఆమె పోయింది. కురుమూర్తి చంద్రశేఖర్ వైపు తిరిగాడు. "ఇన్‌స్పెక్షనోళ్లు గిది చదివితె ఏమడుగుతరు సార్? నాలుగు నెలలు మీరేం చూసిన్రు అంటరు. నాలుగు సార్లు బల్బు అని సంతకం పెట్టింది మీరే గదా. నాది పూజ. నన్నెవరడుగుతరు?"

చంద్రశేఖర్ పెన్ను తీశాడు. కారణం అన్న వాక్యం మీద గీత కొట్టాడు. ఆఖరి వాక్యం మీద ఇంకో గీత. మధ్యలో ఉన్న 'కడిగింది నేను' అన్న మాటను ఉంచాడు. కింద, 'టెక్నీషియన్ సరిగా కడగనందున నీరు చేరినది, సరిచేయబడినది' అని రాసి సంతకం పెట్టాడు.

గురువారం నుంచి ఇస్రాయేలును ఎలక్ట్రికల్ పని నుంచి తప్పించారు. విమానాలను షెడ్డులోంచి బయటికి, బయటి నుంచి షెడ్డులోకి తోయడం, టైర్లకు గాలి పట్టడం అతని పని. శుక్రవారం ప్రవళిక రెండో నంబరు విమానంలో రాత్రి శిక్షణకు పోయింది. దీపాలు మూడూ వెలిగాయి. ఆమె దిగి అతని దగ్గరకు వచ్చి, "అన్నా, నేను మాట్లాడాల్నా సారుతోటి?" అంది.

"మీకు గంటలు ఎన్ని మిగిలినయ్ మేడం?"

"రెండు."

"అయిపోనీయండ్రి."

అయిపోయాక ఆమె హైదరాబాద్ పోయింది.

పదిహేడు, సోమవారం పొద్దున బాలనాగమ్మ చాయ్ గ్లాసు తెచ్చి అతని పక్కన పెట్టింది.

"నా మీద కోపమున్నదా కొడుకా?"

"లేదవ్వా."

"ఉంటది. నాకు గీ కూలి పోతె ఇంకోటి లేదు. గానీ ఒకటి చెప్త, నా పేరు చెప్పకు. నిన్న ఐతారం సారు ఒక్కడే వచ్చిండు. కుడి రెక్క విప్పిండు, తోక విప్పిండు. ఆ ఇంకో ఇమానం గూడ విప్పిండు. గీకి గీకి పెట్టిండు. నేల మీద ఎర్రగ పడ్డది. నన్నే ఊడ్వమన్నడు."

పదకొండింటికి ఇస్రాయేలు చంద్రశేఖర్ గదిలోకి పోయాడు.

"సార్, కుడి రెక్క చూసిన్రంట."

"ఎవరు చెప్పిన్రు?"

"స్క్రూల మీద గీతలున్నయ్ సార్. కొత్తయి."

చంద్రశేఖర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూసిన. ఉన్నది. తోకల గూడ ఉన్నది. అన్నీ గీకి బిగించిన. ఇగ ఏ దీపం ఆరదు. నీకు కావాల్సింది గదే గదా?"

"రాయాలె గదా సార్. మళ్ల దసరా వస్తది."

"రాస్తె ఆ నాలుగు సంతకాలకు నేను జవాబు చెప్పాలె. పదకొండేండ్ల సర్వీసు ఉన్నది నాకు. నీకేం పోయింది? తిడితె తిట్లు పడినవ్."

"నా లాగ్‌బుక్కు సార్."

"గదే చెప్తున్న. కడగనీకె రానోడు అని ఒక బుక్కుల సంతకం పెట్టిన. ఎలక్ట్రికల్ పని మస్తుగొస్తది అని ఇంకో బుక్కుల ఎట్ల పెడ్త? రెండూ పక్కన పెట్టి చూసినోడు నవ్వడా? జర చల్లబడనీ."

మార్చి మూడున అడిగాడు. చంద్రశేఖర్, కురుమూర్తిని అడుగు అన్నాడు. కురుమూర్తి, సంతకం ఇంజనీరుది గదా, నాదేముంది అన్నాడు. పదిహేడున అడిగాడు. చంద్రశేఖర్ ఫోన్ మాట్లాడుతున్నట్లు చేయి అడ్డం పెట్టాడు.

ఆ నెల ముప్పై ఆదివారం ఉగాది. ముప్పై ఒకటి సోమవారం రంజాన్. హైదరాబాద్ ఆఫీసు తెరిచి ఉండే ఆఖరు రోజు ఇరవై ఎనిమిది, శుక్రవారం.

ఇరవై ఆరున కురుమూర్తి అతన్ని పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. రెండు వాక్యాలున్నాయి. ఎడమ రెక్క ఎర్త్ పాడైనది నా అజాగ్రత్త వలన. పూజ వలన పాడైనదని నేను రాసినది అబద్ధం.

"సంతకం పెట్టు. సారు నీ బుక్కు మీద పెడ్తడు" అన్నాడు కురుమూర్తి.

ఇస్రాయేలు మూడుసార్లు చదివాడు.

"మొదటిది పెడ్త సార్. రెండోది తీసేయండ్రి."

"రెండోదాని కోసమే గదా టైపు చేపిచ్చింది."

"అబద్ధం గాకుండ, పొరపాటు అని పెట్టండ్రి."

"నువ్వు బేరమాడనీకె సంతకు రాలే."

ఇస్రాయేలు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బయట రన్‌వే పక్కన మేకలు మేస్తున్నాయి. కురుమూర్తి గడియారం చూసుకున్నాడు. కాగితాన్ని తన వైపు లాక్కోబోయాడు. ఇస్రాయేలు దాని మీద చేయి పెట్టి పెన్ను అడిగాడు. పదకొండు ఇరవైకి సంతకం పెట్టాడు. కురుమూర్తి కాగితం ఫోటో తీసుకుని, కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

"ఇప్పుడు పో, సారును అడుగు."

"రేపు పొద్దుగాల" అన్నాడు చంద్రశేఖర్.

ఇరవై ఏడు, గురువారం చంద్రశేఖర్ మధ్యాహ్నం వచ్చి రెండు గంటలకు వెళ్లిపోయాడు. రేపు ఏడింటికే వస్త, బుక్కు తీస్కొని బస్సెక్కుదువు, అన్నాడు.

శుక్రవారం ఇస్రాయేలు ఆరున్నరకు షెడ్డు దగ్గరున్నాడు. ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తొమ్మిదింటికి చేశాడు. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. సొరుగుకు తాళం ఉంది. తాళంచెవి చంద్రశేఖర్ దగ్గరే ఉంటుంది. ఇస్రాయేలు బస్సులో గద్వాల పోయాడు. పదకొండు ముప్పావుకు చంద్రశేఖర్ ఇంటి ముందు దిగాడు. గేటుకు తాళం ఉంది. పక్కింటామె, పొద్దుగాలే శ్రీశైలం పోయిన్రు, పండుగ అయినంకనే వస్తరు, అంది. అతను గేటు ఎదురుగా మూడింటి దాకా కూర్చున్నాడు.

ఏప్రిల్ రెండున అతను పనిలోకి పోలేదు. మూడున పోలేదు. నాలుగు, శుక్రవారం పొద్దున పది ఇరవైకి పెబ్బేరులో అతని ఇంటికి రిజిస్టరు పోస్టులో కవరు వచ్చింది. పోస్టుమ్యాన్ ముందే విప్పాడు. లాగ్‌బుక్కు ఉంది. నలభై పనుల కిందా చంద్రశేఖర్ సంతకాలున్నాయి. ప్రతి సంతకం కిందా తేదీ ఉంది. ఏప్రిల్ ఒకటి.